తొలి బండి దీపం

నా చెల్లెలి పేరు హనుమక్క. నా వెనక మూడేళ్లకు పుట్టిన మనిషికి పేరులోనే అక్క. ఊరంతా, ముసలివాళ్లతో సహా, దాన్ని హనుమక్కా అనే పిలుస్తారు. నన్ను మాత్రం కమలీ అంటారు. నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు వచ్చాక కూడా కమలీ. దాన్ని చూస్తే నాకు కుళ్లు. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో దాపరికం ఏమీ లేదు.

మా పుట్టిల్లు కౌతాళం. అక్కచెల్లెళ్లిద్దరినీ పెద్దకడుబూరులో ఒకే ఇంటికి ఇచ్చారు. అన్న ఆదెప్పకు నేను, తమ్ముడు వీరన్నకు అది. మామ పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇంటికి మధ్యలో గోడ లేచింది. మిద్దె మీద మాత్రం మోకాలెత్తు గట్టు ఒకటి పెట్టి ఊరుకున్నారు. చేను కూడా రెండు ముక్కలు చేసి చీటీలు వేశారు. ఎగువ ముక్క మాకు, దిగువ ముక్క వాళ్లకు వచ్చింది. దిగువ నేల తేమ పట్టుకుంటుంది, మొదటి వానకే వాళ్లు పత్తి విత్తేస్తారు. మేం రెండో వాన కోసం మొహాలు పైకెత్తి కూర్చోవాలి. అందుకని వాళ్ల కాయ మా కాయ కంటే పదిహేను రోజులు ముందు విచ్చుకుంటుంది. పదిహేను రోజులే కదా అంటారు మీరు. నా బాధంతా ఆ పదిహేను రోజుల్లోనే ఉంది.

ఆదోనిలో దామోదరం శెట్టి పత్తి మండీ అని ఉండేది. కొత్త పంట మొదటి బండి ఏ ఊరి నుంచి వచ్చినా సరే, ఆ మండీ ముందే ఆగాలి. నిండు బండి అయి ఉండాలి. ఎద్దుల కొమ్ములకు బంతిపూలు కడతారు. డోలూ సన్నాయీ పిలిపిస్తారు. బండి తోలుకొచ్చిన రైతుకు తలపాగా చుడతారు. అది మగవాళ్ల సంగతి, దాని జోలి నాకొద్దు. అసలు మర్యాద ఆ ఇంటి ఆడమనిషికి జరుగుతుంది. మండీ ముందరి కట్ట అరుగు మీద లక్ష్మీదేవి పటం పెట్టి, దాని ముందు నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మె పెడతారు. ఆమె కట్ట ఎక్కి, ఆ బండిలోని పత్తి గుప్పెడు ఒళ్లో వేసుకుని, గింజలు ఒలిచి, దూది నలిపి వత్తి చేసి దీపం వెలిగించాలి. ఆ దీపం అంటుకున్నాకే ఆ ఏటి బేరాలు మొదలవుతాయి. అంటుకోకపోతే బండిని అక్కడి నుంచి అటే తిప్పేస్తారు. ఆ ఇంటి పత్తిని ఆ ఏడంతా ఎవరూ ముందు ముట్టుకోరు, చివర్లో ఎవరో దయతలచి కొనాలి.

దీపం వెలిగాక శెట్టి భార్య అలివేలుమంగమ్మ స్వయంగా వంగి ఆ ఆడమనిషి పాదాలకు పసుపు రాస్తుంది. తలలో పూలు పెడుతుంది. ఎర్రంచు ఎమ్మిగనూరు చీర చేతిలో పెట్టి, హారతి ఇచ్చి, మహాలక్ష్మి మా గడప తొక్కింది అని దండం పెడుతుంది. మామూలు రోజుల్లో మేం ఆ కట్ట కింద ఎండలో నిలబడాల్సిన వాళ్లం. దాహమంటే పైనుంచి దోసిట్లో నీళ్లు పోస్తారు. అలాంటి చోట మోచేతిదాకా బంగారు గాజులున్న మనిషి వచ్చి మన కాళ్ల దగ్గర వంగడమంటే మాటలా? గుళ్లో దేవుడికి తప్ప ఎవరికి జరుగుతుంది అంత వైభోగం?

మా హనుమక్కకు జరిగింది. వరసగా మూడేళ్లు జరిగింది.

మూడేళ్లూ నేను చూడ్డానికి పోయాను. పోకపోతే ఊళ్లో నాలుగు మాటలు అంటారు కదా. జనం వెనక మడమలెత్తి నిలబడి చూశాను. దాని మొహం చూశాను, దాని పాదాలు చూశాను, ఆ పసుపు చూశాను, చీర అంచు ఎంత వెడల్పో అక్కడి నుంచే కొలిచాను. నా పక్కనున్న ఆడవాళ్లు నన్ను మోచేత్తో పొడిచి, "మీ సెల్లెలే గదా కమలీ, ఎంత పున్నెం సేసుకున్యాదో!" అనేవాళ్లు. అవును అనేదాన్ని. నవ్వేదాన్ని కూడా. ఇంటికొచ్చాక అన్నం దిగేది కాదు.

పోనీ ఆ చీరల్ని అది దాచుకుందా అంటే అదీ లేదు. ఒకటి కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతుంది. మసి అంటినా పట్టదు. ఇంకోటి చేలో కలుపుకు కట్టుకొస్తుంది. నాకు ఒక్కటి దొరికితే కర్పూరం వేసి పెట్టెలో పెట్టుకుని, పండగ పండగకీ తీసి వాసన చూసుకునేదాన్ని. దాని లెక్కలేనితనం చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

కర్నూలు రాజధాని అయిన తర్వాత వచ్చిన మాఘమాసం అది. ఒక పొద్దున నా మొగుడి పళ్లెంలో రొట్టె వేస్తూ తేల్చి చెప్పేశాను.

"ఈ యేడు మొదటి బండి మనది కావాల."

"సేను నీ మాట ఇంటాదా?" అన్నాడు ఆదెప్ప.

"సేను సంగతి నాకిడువు. నువ్వు ఇంటే సాలు."

"కాయ ఇంకా పచ్చిగుండాది కమలీ. ఇచ్చుకున్నేదంతా ఏరినా బండిలో మూడో వంతు రాదు. నిండు బండి యాడనుంచి తెస్తావు?"

"తెస్తా. నీ తమ్ముని పెండ్లాం మూడుసార్లు కట్ట ఎక్కె. నీ పెండ్లాం మూడుసార్లు కింద నిలబడి సూసె. నీకు రోసమన్నేది లేదా?"

"నాకు ఆ తలపాగా బరువుగుంటాది. నాకొద్దు," అన్నాడు ఆ మహానుభావుడు, రొట్టె తుంచుకుంటూ.

ఆ మనిషితో మూడు రోజులు మాట్లాడలేదు. పప్పులో ఉప్పు వేయడం మానేశాను. నాలుగో రోజు తనే వచ్చి, "నీ ఇష్టమొచ్చినట్ల సెయ్యి. మంచైనా సెడైనా నీదే," అని పలుపుతాడు భుజాన వేసుకుని పోయాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

విచ్చుకున్న పత్తి ముందు ఏరి గదిలో పోశాను. తర్వాత పచ్చికాయల మీద పడ్డాను. చేతికి గట్టిగా తగిలిన కాయనల్లా తెంపి కొంగులో వేసుకున్నాను. ఇంటికి తెచ్చి మిద్దె మీద ఎండేశాను. మాఘం ఎండకు పైతోలు కాస్త వడలగానే గోళ్లతో చీల్చి లోపలి పత్తి పీకాను. పచ్చికాయ ఊరికే చీలుతుందా? గోళ్లు చినిగాయి. వేళ్ల చివర్లు నల్లబడ్డాయి, ఎంత చింతపండు పెట్టి తోమినా ఆ నలుపు పోలేదు. లోపలి దూది జిగురుగా, ముద్దగా ఉండేది. ఎండితే అదే సరిపోతుంది అనుకున్నాను. పత్తి పండించే ఇంట్లో పుట్టి, పత్తి పండించే ఇంట్లో పడ్డదాన్ని, నాకు తెలియదా అది సరిపోదని? తెలుసు. కడుపులో మంట ఉన్నప్పుడు తెలిసిన సంగతులు ఎవరికి కావాలి?

ఒక సాయంత్రం అది గట్టు అవతల మిద్దె ఊడుస్తూ కనిపించింది. నేను గబగబా చాప లాగి కాయల మీద కప్పాను.

"ఏమక్కా, ఏం ఎండేసినావు?" అంది.

"శనక్కాయలు."

"ఓ," అంది. చాప కింద నుంచి ఒక పచ్చికాయ దొర్లి గట్టు దాకా పోయింది. అది చూసింది. చీపురుతో దాన్ని మెల్లిగా నా వైపు నెట్టింది. "మేము బేస్తారం పొద్దున బండి కడతాన్నాము. నువ్వూ వస్తావా సూడ్డానికి?"

"సూడ్డానికా?" అన్నాను. ఆ ఒక్క మాటకు నా ఒళ్లంతా కారం పూసినట్టయింది. "సూస్తాలే."

బేస్తవారం దాకా ఎవరు ఆగుతారు? బుధవారం మధ్యాహ్నమే బండి కట్టించాను. చుట్టూ తడకలు బిగించి, అడుగునా నడుమనా పచ్చికాయ పత్తి వేసి తొక్కించాను. పైన మూర మందం మంచి పత్తి పరిచాను. తెల్లగా, పొంగుగా, చూస్తే ఎవరైనా చెయ్యి పెట్టాలనిపించేంత బాగా కుదిరింది. కట్ట మీద వత్తికి కావాల్సింది గుప్పెడే కదా, పైనుంచి తీసుకుంటారు, నా దీపం వెలుగుతుంది, మిగతాది తూకంలో కలిసిపోతుంది అనుకున్నాను. మూడేళ్లు కళ్లారా చూసినదాన్ని, నాకంటే ఎవరికి బాగా తెలుసు?

మా బండి వీధి దాటేటప్పుడు హనుమక్క గడపలో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి, "ఓ మనిషీ, ఎద్దుల్ని ఇప్పుకోని రా, ఇప్పుడే పోదాము," అని వీరన్నను కేకేయడం నాకు వినిపించింది. చూశారా, ఒక్క ఏడు కూడా నాకు వదిలిపెట్టలేదు అనుకున్నాను. ఆదోని చేరేదాకా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. "మెడ పట్టేస్తాది, ముందుకు తిరుగు," అని నా మొగుడు రెండుసార్లు కసిరాడు.

తెల్లారేసరికి మండీ ముందు మా బండే. ముందర ఒక్క బండి లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మండీ జీతగాడు లోపలికి పరుగెత్తి, "కొత్త పత్తి వచ్చె!" అని అరిచాడు. దామోదరం శెట్టి పంచె సర్దుకుంటూ బయటికొచ్చి నన్ను చూసి, "ఏమ్మా, పెద్దకడుబూరేనా? మళ్లీ మీ ఊరిదే!" అని మురిసిపోయాడు. సన్నాయివాళ్లకు మనిషిని పంపారు. కట్ట కడిగి ముగ్గేశారు. సెమ్మెకు పసుపు పూశారు. ఎద్దులకు పూలు కట్టారు. చుట్టుపక్కల మండీల వాళ్లు, హమాలీలు, బజారుకొచ్చిన ఆడవాళ్లు, అందరూ చేరారు. డోలు మొదలయ్యేసరికి వీధి చివర వీరన్న బండి కనిపించింది. హనుమక్క దిగి జనం వెనక నిలబడింది. నేను ఎప్పుడూ నిలబడే చోటే. అమ్మా, ఆ క్షణం కోసం నేను ఎన్ని రాత్రులు కళ్లు తెరుచుకుని పడుకున్నానో!

నన్ను కట్ట ఎక్కించారు. పీట వేశారు. ఒళ్లో తెల్లగుడ్డ పరిచారు. పత్తి నాణ్యం చూసే దలాలి హనుమంతరాయుడు ముసలివాడు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, బండి దగ్గరికి పోయి, తడక సందులోంచి చెయ్యి లోపలికి తోశాడు. మోచెయ్యి దాటింది. భుజం దాకా పోయింది. చెంప తడకకు ఆనింది. నడుమ నుంచి, బండి కడుపులోంచి గుప్పెడు పత్తి లాగి తెచ్చి నా ఒళ్లో వేశాడు.

మూడేళ్లు చూశానన్నానే, ఏం చూశాను నా మొహం! మూడేళ్లూ నా కళ్లు దాని మొహం మీదే ఉన్నాయి. దలాలి చెయ్యి ఎంత లోపలికి పోతుందో చూసిన పాపాన పోలేదు.

ఒళ్లోది పసుపుపచ్చగా, ముద్దగా ఉంది. గింజ పట్టుకుంటే మెత్తగా నలిగి వేలికి పచ్చగా అంటుకుంది. దూది గింజను వదలడం లేదు. ఎలాగో కాస్త పీకి అరచేతుల మధ్య నలిపాను. పురి ఎక్కగానే తెగింది. ఇంకొంచెం పీకాను, అదీ తెగింది. తెగిన ముక్కల్నే కలిపి నూనెలో ముంచి సెమ్మెలో పెట్టాను. అగ్గి అంటిస్తే చిటపటమని, పొగొచ్చి, ఆరిపోయింది. మళ్లీ అంటించాను. మళ్లీ ఆరింది. డోలు కొట్టేవాడి చెయ్యి నెమ్మదించి ఆగిపోయింది. సన్నాయి కూడా ఆగింది.

హనుమంతరాయుడు వంగి నా ఒళ్లోంచి ఒక చిటికెడు తీసుకుని బొటనవేలితో రాశాడు. "పచ్చికాయ పత్తి శెట్టీ ఇది. పగలకముందే సీల్చినారు," అన్నాడు.

దామోదరం శెట్టి మొహం మాడిపోయింది. "ఏమయ్యా ఆదెప్పా? లచ్మిదేవి ముందర పెట్టేదేనా ఇది? ఏడాది మొదట్లోనే నా గడపలో దీపం ఆర్పిస్తివే!"

నా మొగుడు తల దించుకున్నాడు. తలపాగా గుడ్డ పట్టుకున్న మనిషి దాన్ని మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆ మడతలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. భూమి నోరు తెరిస్తే అందులో దూకేదాన్ని. నేను పీట మీదే ఉన్నాను.

అప్పుడు జనంలోంచి గొంతు వినిపించింది. "శెట్టయ్యా, కొంచెం ఆగండి."

హనుమక్క. తోసుకుంటూ ముందుకొచ్చింది. కట్ట మెట్టు మీద నిలబడి చేతులు జోడించింది. "ఆ పచ్చి పత్తి మా సేనుది. మా అక్క బండి నిండకుంటే, నేనే మా పత్తి తెచ్చి నడాన పోసినా. తొందరపడి ముందే సీల్చినా. మా అక్కకు తెలీదు. అక్క పత్తి పైన ఉండాది, సూడండి, మల్లెపూవు మాదిరి ఉంటాది. తప్పు నాది."

వెనక నుంచి వీరన్న నోరు తెరిచాడు. అది తిరిగి ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాడు.

"నువ్వా?" అన్నాడు శెట్టి. "మూడేండ్లు ఈ కట్ట మీద కూసోని దీపం పెట్టినదానివి, నువ్వు సేసే పనేనా తల్లీ ఇది?"

"బుద్ధి గడ్డి తినె," అంది అది.

హనుమంతరాయుడు దాని చేతుల వైపు చూశాడు. జోడించిన చేతులు, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. తర్వాత నా చేతుల వైపు చూశాడు. చినిగిన గోళ్లు, నల్లబడ్డ వేళ్లు. నేను వాటిని తెల్లగుడ్డ కిందికి లాక్కున్నాను. ముసలాయన ఒక్కసారి గొంతు సవరించుకుని, "పొద్దెక్కుతాంది శెట్టీ. మంచి గడియ పోతాది. పైన పత్తి తీపిచ్చు," అన్నాడు.

అది అక్కడే నిలబడింది. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. కాదు శెట్టయ్యా, నాదే అంటే చాలు. ఎవరైనా నా నోరు పట్టుకున్నారా? ఎవరూ పట్టుకోలేదు. పైనుంచి మంచి పత్తి తెచ్చి ఒళ్లో వేశారు, నేను గింజలు ఒలిచాను. వత్తి చేశాను. దీపం నిలువుగా, కదలకుండా వెలిగింది. డోలు దద్దరిల్లింది. అలివేలుమంగమ్మ గాజులు గలగలమంటూ నా కాళ్ల దగ్గర వంగింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. పసుపు రాసింది, పూలు పెట్టింది, చీర పెట్టింది. "మహాలక్ష్మి మా గడప తొక్కింది," అని దండం పెట్టింది. హారతి వెలుగులో నాకు ఏమీ కనిపించలేదు.

కనిపించేసరికి శెట్టి వీరన్నతో మాట్లాడుతున్నాడు. "మీ బండి ఆ పక్కకు తీసుకో. అందరిదీ అయినాక సూద్దాము." ఆ ఏడు ఆదోనికి వచ్చిన పత్తిలో వాళ్లదాన్ని మించింది లేదు. ఆ బండి రెండు రోజులు ఎండలో నిలబడింది. చివర్లో ఎవరో కొన్నారట. ఇకముందు వాళ్ల బండి మొదటిదై వచ్చినా ఆ కట్ట ముందు ఆపరని అందరికీ తెలిసిపోయింది.

మేం ఇంటికి వచ్చేటప్పుడు ఆదెప్ప తలపాగా తీసి బండిలో గడ్డి మీద పడేశాడు. చీర ఒళ్లో ఉంది. నాకు దుఃఖం వచ్చిందనుకుంటున్నారేమో. నాకు కోపం వచ్చింది. నా రోజున కూడా జనం కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి. ఓడిపోవడం కూడా అది నాకంటే గొప్పగా ఓడిపోయింది. మహాతల్లి, పెద్ద మనసు, త్యాగం! రేపు ఎవరికైనా నిజం తెలిస్తే దాన్ని పటం కట్టి పూజ చేస్తారు, నా మొహాన ఉమ్మేస్తారు. ఇలా అనుకుంటూ పళ్లు నూరుకున్నాను.

హనుమక్క మూడో రోజున ఇల్లు చేరింది. నాలుగో రోజు పొద్దున మిద్దె మీద కనిపించింది. మిరపకాయలు ఎండేస్తోంది. ఇక ఆగలేక గట్టు దగ్గరికి పోయాను.

"ఎందుకు సేసినావే ఆ పని?"

అది తల ఎత్తలేదు. "ఏ పని?"

"నంగనాచి ఏశాలు ఎయ్యొద్దు. నిన్ను ఎవరు రమ్మన్నారు? నా మానం కాపాడమని నేను అడిగినానా? నలుగురిలో మంచిదనిపించుకోను సేసినావు, అంతే గదా?"

అప్పుడు తల ఎత్తింది. దాని కళ్లలో నీళ్లూ లేవు, నవ్వూ లేదు. బాగా అలిసిపోయిన మనిషిలా ఉంది.

"మూడేండ్లు నువ్వు జనం ఎనకాల నిలబడి నన్ను సూస్తివి," అంది. "కట్ట మీద కూసుంటే నాకు లచ్మిదేవి పటం కనపడల్యా, దీపమూ కనపడల్యా. నీ కండ్లే కనపడె. ఇంటికొస్తే గట్టు ఇవతలకు సూస్తివి. కొత్త సీర కడితే సూస్తివి. అందుకే వాటిని పొయ్యికాడ, సేలో మసి సేసుకుంటి. పాతబడితే సూడవేమో అనుకుంటి. అయినా ఇడసల్యా. తిన్న తిండి అరగల్యా నాకు, పండుకుంటే నిద్ర రాల్యా. ఆ పొద్దు నీ దీపం ఆరిపోయింటే నువ్వు సచ్చేదాకా నన్ను సూస్తానే ఉంటావు. అందుకే ఇచ్చేసినా. అంతా నువ్వే తీసుకో అక్కా. ఇంక నా పక్క సూడొద్దు."

మిరపకాయలు పరవడం ముగించి, చేతులు దులుపుకుని కిందికి దిగిపోయింది.

మరుసటి ఏడు వాళ్లు తొందరపడలేదు. చేను నిండా పత్తి విచ్చుకుని తెల్లగా నిలబడింది, వీరన్న తీరుబడిగా ఏరించుకున్నాడు. పక్క ఊళ్లలో ఆ ఏడు వాన ఆలస్యం. మా పత్తి పండాల్సినప్పుడు పండింది. పచ్చికాయ ఒక్కటి లేదు, అడుగు నుంచి పైదాకా ఒకటే తెలుపు. మొదటి బండి మళ్లీ మాదే. దలాలి ఎంత లోపలికి చెయ్యి పెట్టినా నాకు భయం లేదు.

కట్ట ఎక్కే ముందు జనం వెనకంతా వెతికాను. పీట మీద కూర్చున్నాక కూడా మెడ సాచి చూశాను. అలివేలుమంగమ్మ నా కాళ్లకు పసుపు రాస్తూ, "ఎవరి కోసరం సూస్తాండావమ్మా?" అంది.

"మా సెల్లెలు వచ్చిందేమో అని."

"వస్తాదిలే, సొంత అక్కను సూసుకోని మురిసిపోయేకి రాకుండా ఉంటాదా?"

అది రాలేదు. దీపం వెలిగింది, డోలు మోగింది, చీర పెట్టారు. కింద నిలబడ్డ వాళ్లలో ఒకళ్లు ఆవలించారు. ఒకావిడ పక్కావిడతో ఉల్లిగడ్డల ధర మాట్లాడుతోంది. నా పాదాల పసుపు చూసేవాళ్లు లేరు, నా చీర అంచు కొలిచేవాళ్లు లేరు. ఒక్కరంటే ఒక్కరికి నన్ను చూసి కడుపు మండలేదు. హారతి కళ్లకద్దుకుని దిగి వచ్చేశాను.

మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. కాళ్ల పసుపు కడుక్కోకుండానే, కొత్త చీర కట్టుకుని మిద్దె ఎక్కాను. గట్టు అవతల, గోడ నీడన, హనుమక్క చాప వేసుకుని పడుకుని ఉంది. నేను గాజులు చప్పుడు చేశాను. దగ్గాను. చెంబు కిందపడేశాను. అది కదల్లేదు. నోరు కొంచెం తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోతోంది. పట్టపగలు అంత హాయిగా మనిషికి నిద్ర ఎలా పడుతుందని, అక్కడే నిలబడి కుళ్లి కుళ్లి ఏడ్చాను.